శ్రీకాకుళం నుంచి వైజాగ్‌కి బస్సా, రైలా: జనం ఎంపికని లెక్కగట్టడానికి ఏ మోడల్ మేలు?

శ్రీకాకుళం నుంచి వైజాగ్ వెళ్లాలంటే ముఖ్యంగా రెండు దారులు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో నాన్‌స్టాప్ ఎక్కితే రణస్థలం, తగరపువలస, ఆనందపురం దాటుకుంటూ హైవే మీద నేరుగా దింపేస్తుంది. రైలు కావాలంటే ముందు ఆమదాలవలస చేరాలి. స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డే గానీ, ఊరికి పది కిలోమీటర్లు పైనే దూరం. పైగా రైలు విజయనగరం మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంది. పలాస నుంచి వచ్చే ప్యాసింజర్ టికెట్ మాత్రం చాలా చౌక.

వీటిలో ఎవరు ఏది ఎక్కుతారు, కొత్త సర్వీసు వేస్తే ఎవరు మారతారు అన్నది ప్రాజెక్టుగా తీసుకున్న పీజీ పిల్లలు ముందుగా అడిగేది ఒకటే: "మేడమ్, ఏ మోడల్ పెట్టమంటారు?" అంకె కావాలంటే నెస్టెడ్ లాజిట్ (ఒకలాంటి దారుల్ని ఒక గుంపుగా చూసి ఎవరు ఏది ఎక్కుతారో లెక్కగట్టే మోడల్) పెట్టమంటాను. సర్వే ఫారం మాత్రం మనస్తత్వ శాస్త్రవేత్త ట్వెర్‌స్కీ చెప్పిన, ఒక్కో షరతుతో దారుల్ని కొట్టేసుకుంటూ పోయే పద్ధతిని మనసులో పెట్టుకుని రాయమంటాను.

ముందు మామూలు లాజిట్ సంగతి. ఏ దారికి ఎంత శాతం జనం వెళ్తారో చెప్పే మోడల్ ఇది. దీన్ని 1974లో అమెరికన్ ఆర్థికవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్ ఆర్థికశాస్త్రంలో గట్టి పునాది మీద నిలబెట్టారు. 2000లో ఆయనకి నోబెల్ వచ్చింది కూడా ఈ కృషికే. ప్రతి దారికీ ఛార్జీ, సమయం, ఎదురుచూపు కలిపి ఒక ప్రయోజనం అంకె ఇస్తాం. మనకి కనపడని కారణాలని యాదృచ్ఛికం అనుకుంటాం. రెండు దారుల అంకెలూ సమానమైతే జనం చెరి సగం. ఒకదానికి ఒక పాయింటు ఎక్కువుంటే 73 శాతం దానివైపు, రెండు పాయింట్లయితే 88 శాతం.

దీనిలో నాకు బాగా నచ్చేది ఇంకొకటుంది. ఒక్క నిమిషం పెరిగితే ప్రయోజనం అంకె ఎంత తగ్గుతుందో చెప్పే గుణకాన్ని, ఒక్క రూపాయి పెరిగితే ఎంత తగ్గుతుందో చెప్పే గుణకంతో భాగిస్తే, జనం తమ సమయానికి కట్టుకున్న విలువ బయటపడుతుంది. ఉదాహరణకి నిమిషానికి 0.03, రూపాయికి 0.02 తగ్గుతుందనుకోండి. అంటే నిమిషం విలువ రూపాయిన్నర, గంటకి 90 రూపాయలు. ఎదురుచూసే సమయాన్ని వేరే కాలమ్‌లో పెట్టడం మరిచిపోకండి. సీట్లో కూర్చున్న నిమిషం కంటే ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ నిమిషం మనిషికి ఎక్కువ భారం. ఆమదాలవలస దాకా ఆటోలో వెళ్లి, అక్కడ బండి కోసం చూసే సమయమే ఈ ఊళ్లో రైలుకి పెద్ద అడ్డంకి.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే అనుకోవద్దు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో బార్ట్ అనే లోకల్ రైళ్లు రాకముందు, 1972లో, 771 మంది ప్రయాణాల మీద మెక్‌ఫాడెన్ బృందం మోడల్ కట్టింది. పనికి వెళ్లేవాళ్లలో 15 శాతం ఆ రైలెక్కుతారని అధికారిక అంచనా. మోడల్ 6.3 శాతం అంది. తీరా రైళ్లు వచ్చాక తేలింది 6.2.

మరి లోపం ఎక్కడ? బస్సు, రైలు చెరి సగం ఉన్నచోట అదే ఛార్జీకి, అదే సమయానికి, అచ్చం అలాంటిదే ఇంకో బస్సు వేశారనుకోండి. మామూలు లాజిట్ మూడింటికీ తలా 33.3 శాతం పంచేస్తుంది. అంటే ఇంకో బస్సు నిలబెట్టినంత మాత్రాన రైలువాళ్లు మూడోవంతు మంది దిగి వచ్చేస్తారని! అలా ఎక్కడా జరగదు. కొత్త బస్సు నిండేది పాత బస్సు జనంతోనే. ఎర్ర బస్సు, నీలం బస్సు ఉదాహరణగా పాఠాల్లో చెప్పేది దీన్నే.

నెస్టెడ్ లాజిట్ ఈ లోపాన్ని నేరుగా సరిచేస్తుంది. రెండు బస్సుల్నీ ఒక గుంపులో పెట్టి, అవి ఒకదానికొకటి ఎంత పోలి ఉన్నాయో లాంబ్డా అనే అంకెతో కొలుస్తుంది. లాంబ్డా తగ్గేకొద్దీ పోలిక ఎక్కువ. 1 అయితే మామూలు లాజిట్టే. 0.5 అయితే రైలుకి 41.4 శాతం మిగులుతుంది. 0.1 దాకా దిగితే 48.3, అంటే రైలు దాదాపు కదలనట్టే. ఆ లాంబ్డా ఎంతో మనం ఊహించక్కర్లేదు, సర్వే జవాబులే చెప్తాయి. లెక్క చెయ్యడానికి ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ఎమ్‌లాజిట్ ప్యాకేజీ ఉంది, బయోజీమ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ప్రాబిట్ అనే ఇంకో మోడల్ గురించీ అడుగుతారు. మనస్తత్వ శాస్త్రవేత్త థర్‌స్టన్ 1927 నాటి ఆలోచన నుంచి వచ్చింది అది. రెండే దారులుంటే లాజిట్‌కీ దానికీ పెద్ద తేడా రాదు, ఎక్కువ దారులుంటే లెక్క బరువెక్కుతుంది. పీజీ ప్రాజెక్టుకి అంత శ్రమ అనవసరం.

ఇక ఏమోస్ ట్వెర్‌స్కీ 1972లో చెప్పిన పద్ధతి. మనిషి అన్నిటికీ మార్కులేసి కూడికలు చెయ్యడు, ఒక్కో షరతు పెట్టుకుని కొట్టేసుకుంటూ పోతాడంటారు ఆయన. ముసలి తల్లిని వైజాగ్‌లోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్లే కొడుకుని చూడండి. "అమ్మకి సీటు ఖాయంగా ఉండాలి" అనగానే జనరల్ బోగీ పోయింది. "ఓపీ టైముకి చేరాలి" అనగానే ఆలస్యంగా బయల్దేరేవన్నీ పోయాయి. మిగిలిన బస్సెక్కేశాడు. రైలు టికెట్ ఎంత చౌకైనా ఆ లోటు తీరదు. మనుషులు నిజంగా నిర్ణయించుకునే తీరుకి ఇదే దగ్గరని నా నమ్మకం. కానీ "ఛార్జీ పది రూపాయలు పెంచితే ఎంతమంది మారతారు?" అని అడిగితే దీంతో జవాబు రాబట్టడం కష్టం. డిపో వాళ్లకి కావలసింది ఆ జవాబే.

అందుకే ఫారంలో "ఏది ఎక్కారు?" తో ఆపొద్దు. "మొదట ఏది వద్దనుకున్నారు, ఎందుకు?" అని కూడా అడగండి. సీటు కోసమే రైలు మానేసినవాళ్లు ఎక్కువమంది తేలితే, సీటు గ్యారంటీని మోడల్‌లో ప్రత్యేక కాలమ్‌గా చేర్చండి. ఆ మనిషికి అసలు అందుబాటులో లేని దారిని ఎంపికల్లోంచి తీసెయ్యండి. రణస్థలంలో హైవే పక్కన బస్సు కోసం నిలబడ్డవాళ్లకి ఆమదాలవలస రైలుని కూడా ఒక ఎంపికగా లెక్కేస్తే, లాంబ్డా ఎంత జాగ్రత్తగా కట్టినా వచ్చే శాతాలు తప్పే.