ఉప్పునీటి ట్యాంకులో అరగొనైట్ ఇసుక: ఏళ్ల తరబడి వాడాక

మెరైన్ ట్యాంకులో, అంటే ఉప్పునీటి చేపల తొట్టిలో, ఇసుక ఒకసారి పోస్తే ఇక దాని జోలికి వెళ్లక్కర్లేదని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. మా నాలుగడుగుల ట్యాంకులో కరిబ్‌సీ వాళ్ల ఫిజీ పింక్ అరగొనైట్ ఇసుక కొన్నేళ్లుగా వాడుతున్నాను. అరగొనైట్ అంటే ఒక రకం కాల్షియం కార్బొనేట్ ఖనిజం. మంచి ఇసుక. కొత్త ట్యాంకు పెట్టినా ఇదే కొంటాను. కాకపోతే ఏ ఇసుకైనా తరుగుతూనే ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు నింపుకునే ఓపిక ఉన్నవాళ్లకే ఇది పనికొస్తుంది.

మాది విశాఖ. సముద్రం పక్కనే ఉండగా ఇసుక కొనడం ఏమిటని ఇంటికొచ్చిన వాళ్లంతా అడుగుతారు. మన తీరంలో ఇసుక చాలావరకు క్వార్ట్జ్. అందులో ఇల్మనైట్, గార్నెట్, మాగ్నటైట్ లాంటి బరువైన ఖనిజాలు కలిసి ఉంటాయి. భీమిలి వైపు నల్లగా చారలు చారలుగా కనిపించేవి అవే. ఎండిన ఇసుక గుప్పెడు తీసుకుని అయస్కాంతం పెట్టి చూడండి, నల్ల రేణువులు అంటుకుని వస్తాయి. ట్యాంకు అద్దం తుడిచేదీ అయస్కాంతంతోనే కదా! ఒక్క రేణువు దాని కింద ఇరుక్కుంటే అద్దం మీద గీత పడిపోతుంది, అది ఇక పోదు. ఊరి మురుగు కలిసే తీరం కాబట్టి ఇంకేం వెంట వస్తాయో అన్న భయమూ ఉంది. అందుకే బీచ్ ఇసుక జోలికి పోలేదు.

ఇక 'కోరల్ శాండ్' అంటూ లూజుగా అమ్మేది కొనేముందు ఆలోచించండి. పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఎక్కడిదో చెప్పలేని సరుకు వద్దే వద్దు. అమ్మినది నిజంగా కాల్షియం కార్బొనేటో కాదో తెలియాలంటే ఒక చెంచా ఇసుక మీద నిమ్మరసం పిండండి. అరగొనైట్ అయితే బుసబుసా నురగ వస్తుంది, క్వార్ట్జ్ అయితే ఉలుకూ పలుకూ ఉండదు.

ఫిజీ పింక్ రేణువు సుమారు అర మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. నాకు బాగా నచ్చింది ఈ సైజే. ఇంతకంటే సన్నగా, గుండ్రటి రేణువులతో ఉండే ఊలిటిక్ ఇసుక చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ, వేవ్‌మేకర్ (నీళ్లలో అలలు పుట్టించే పంపు) కాస్త పెంచితే ఎగిరి మూలకు చేరుతుంది, అడుగున అద్దం బయటపడుతుంది. రెండు మిల్లీమీటర్లు దాటిన ముతక ఇసుకలోకి చేపల మేత, మలం దిగిపోతాయి, తీయడం కష్టం. ఇది మధ్యస్థంగా ఉంది. సైఫన్ పెట్టినప్పుడు గొట్టంలో పైకి లేస్తుంది, బొటనవేలితో గొట్టం చివర నొక్కితే ఇసుక జారి కిందకే పడుతుంది, మడ్డి మాత్రం బకెట్లోకి పోతుంది. ఎంత జాగ్రత్తగా చేసినా సన్న రేణువులు కొన్ని పోతూనే ఉంటాయి. తరుగుదలకు ఒక కారణం అదే.

ఇంకా ఉన్నాయి. గోబీ చేప నోటినిండా ఇసుక తీసుకుని మొప్పల్లోంచి వదులుతూ రాళ్లమీదికి ఎక్కిస్తుంది. ఇసుక పొర అడుగున పీహెచ్ తక్కువ కాబట్టి అరగొనైట్ కొద్దికొద్దిగా కరుగుతుంది. ఆల్కలినిటీ (నీళ్లలో కార్బొనేట్ల మోతాదు) మరీ ఎక్కువ పెడితే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టి పెంకులవుతాయి. వాటిని ట్యాంకులోనే చిదమకుండా నెమ్మదిగా ఎత్తి బయటపడేయడమే మంచిది. ఇన్ని రకాలుగా పోయేసరికి, మొదట్లో ఐదు సెంటీమీటర్లున్న పొర మూడుకి దిగుతుంది. మా పసుపు రాస్‌కి ఇది వెంటనే తెలుస్తుంది. లైట్లు ఆర్పగానే ఇసుకలోకి తలదూర్చి పడుకునే చేప అది. పొర పలచబడితే ఒకచోట దూరి, అడుగు తగిలి, మళ్లీ లేచి ఇంకోచోట వెతుక్కుంటుంది. దాన్ని అలా చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నాకు ఇసుక నింపే టైమ్ అయిందని చెప్పేది స్కేలు కాదు, ఆ చేపే.

లెక్క సులువు. అడుగు 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉంటే, ఒక సెంటీమీటరు పెంచడానికి ఐదున్నర లీటర్ల ఇసుక, అంటే సుమారు ఎనిమిది కిలోలు పడుతుంది. 20 పౌండ్ల సంచి ఒకటి, అంటే తొమ్మిది కిలోలు, చాలు. నింపడానికి 'లైవ్' అని రాసిన తడి సంచి అక్కర్లేదు. పాత ఇసుకలోని బ్యాక్టీరియా కొత్తదాంట్లోకి దానంతటదే పాకుతుంది. అదే సైజు రేణువున్న పొడి అరగొనైట్ ఎవరిదైనా సరే. మొదట్లో రంగు తేడా కనిపిస్తుంది, తర్వాత కలిసిపోతుంది.

పొడి ఇసుకను మాత్రం బాగా కడగాలి. మొదటి కడుగులో నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా వస్తాయి. తేటగా వచ్చేదాకా చేత్తో కలుపుతూ కడిగి, ఆఖరున ట్యాంకులోంచి తీసిన ఉప్పునీళ్లతో ఒకసారి తడుపుతాను. ముందు ఆ చోట మడ్డి సైఫన్ చేసేయాలి, లేకపోతే మురికిని పాతిపెట్టినట్టే. తర్వాత వేవ్‌మేకర్లు, నీళ్లను ట్యాంకులోకి తిరిగి తోసే రిటర్న్ పంపు ఆపేసి, ఒక పీవీసీ పైపు చివర ఇసుకకు ఆనేలా దింపి, పైనుంచి గరాటుతో కొద్దికొద్దిగా పోస్తాను. పైపు మెల్లగా జరుపుతూ పోతే ఇసుక అడుగునే పరుచుకుంటుంది, నీళ్లు పెద్దగా మసకబారవు. ఒక విడతలో ట్యాంకులో పావు వంతుకు మించి ముట్టుకోను. మందం కూడా ఒక సెంటీమీటరు లోపే. పైన బతికే పురుగులు, నత్తలు కొత్త ఇసుకలోంచి పైకి రావడానికి దారి ఉండాలి కదా. రెండు వారాలు ఆగి, అమోనియా టెస్టు చూసి, ఇంకో పక్క మొదలుపెడతాను.

సాధారణంగా అరగొనైట్ సంచుల మీద కనిపించే ఒక మాటతో మాత్రం నాకు పేచీ ఉంది. ఈ ఇసుక పీహెచ్‌ని నిలబెడుతుందంటారు. సముద్రపు నీళ్ల మామూలు పీహెచ్ దగ్గర అరగొనైట్ దాదాపు కరగదు. పీహెచ్ బాగా పడిపోతేనే కరుగుతుంది, అప్పటికే చేపలు ఇబ్బంది పడుతుంటాయి. కాబట్టి ఆల్కలినిటీని కొలిచే కేహెచ్ టెస్టు కిట్టు కొనుక్కోవడం తప్పదు.

అద్దం పక్కన ఇసుకలో నల్లటి మచ్చ కనిపిస్తే టెన్షన్ పడి పుల్లతో కెలకకండి. అక్కడ ఆక్సిజన్ లేక ఐరన్ సల్ఫైడ్ ఏర్పడి ఉంటుంది. కెలికితే కుళ్లిన గుడ్ల వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ నీళ్లలోకి వస్తుంది. నైట్రేట్ తగ్గడానికి పది సెంటీమీటర్లు దాటిన లోతైన పొర వేసేవాళ్లున్నారు. కరెంటు పోతే ఆక్సిజన్ కోసం కంగారుపడే మా ఇంట్లో నేను ఐదుకు మించను.

ఇసుకను కదిలించే పని నసారియస్ నత్తలకే వదిలేశాను. మేత పడిన నిమిషంలో ఇసుకలోంచి తొండాలు పైకి లేస్తాయి, పిల్లలకు అదొక పండగ. ఇసుక జల్లించే నక్షత్ర చేపను మాత్రం ఈ సైజు ట్యాంకులో పెట్టకండి. ఇసుకలో ఉన్న ప్రాణులన్నిటినీ తినేసి, ఆ తర్వాత తిండిలేక చచ్చిపోతుంది.

రేటు ఎక్కువే. అడుగు ఖాళీగా ఉంచి, ఉత్త రాళ్లతో ట్యాంకు నడిపేవాళ్లకు శుభ్రం చేయడం చాలా తేలిక, అందులో తప్పేమీ లేదు. రాస్, గోబీ కావాలనుకుంటే మాత్రం ఇసుక ఉండాల్సిందే. అలాంటివాళ్లు మొదటి సంచులతోపాటే పొడి అరగొనైట్ సంచి ఒకటి అదనంగా తీసుకుని పక్కన పెట్టుకోండి. మీకు కావాల్సిన సైజు షాపులో ఎప్పుడూ దొరకదు, పొడి సరుకు పాడవదు.