డీఎస్పీ డిజైన్ పోటీ: ముందు పోటీదారుగా, తర్వాత మెంటర్‌గా చూశాక

డీఎస్పీ అంటే ఇక్కడ డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్, శబ్దం లాంటి సిగ్నళ్లను అంకెలుగా మార్చి లెక్కలతో సరిచేసే సబ్జెక్టు. ఆ పేపర్లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లకు కూడా దాని డిజైన్ పోటీ చుక్కలు చూపిస్తుంది. చదువుకునే రోజుల్లో నేనూ ఒక టీమ్‌లో ఉండి పాల్గొన్నాను. అప్పటినుంచి జూనియర్ల టీమ్‌లకు మెంటర్‌గా ఉంటూ వస్తున్నాను. చేరాలా వద్దా అని అడిగేవాళ్లకు విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: చేరండి. కాకపోతే గెలిపించే ప్రాజెక్టు, పని నేర్పే ప్రాజెక్టు చాలాసార్లు ఒకటి కావు. మీకు ఏది కావాలో పేరిచ్చే ముందే తేల్చుకోండి.

ఈ పోటీలు రెండు రకాలు. మొదటి రకంలో ప్రాసెసర్ ఉన్న సర్క్యూట్ బోర్డును నిర్వాహకులు ఇస్తారు, లేదంటే మీరే తెచ్చుకోవాలి. ఐడియా మీదే. చివర్లో జడ్జీల ముందు నడిపి చూపించాలి. రెండో రకంలో సమస్యా డేటా రెండూ వాళ్లే ఇస్తారు, ఎవరి అల్గారిథమ్‌కు ఎర్రర్ తక్కువొస్తే వాళ్లు ముందుంటారు. ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈలో భాగమైన సిగ్నల్ ప్రాసెసింగ్ సొసైటీ 2014లో మొదలుపెట్టిన సిగ్నల్ ప్రాసెసింగ్ కప్ ఈ రెండో రకమే. అందరూ ఎస్పీ కప్ అంటారు. టీమ్‌లో కనీసం ముగ్గురు అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థులు, వాళ్లకు తోడు ఒక ఫ్యాకల్టీ ఉండాలి. ఫైనల్ ఆ సొసైటీ జరిపే ఐకాస్ప్ అనే అంతర్జాతీయ కాన్ఫరెన్సులో జరుగుతుంది.

నేను పాల్గొన్నది బోర్డు రకం. మా ప్రాజెక్టు ఎకో క్యాన్సెలర్. స్పీకర్లోంచి వచ్చిన మాట గోడలకు తగిలి మళ్లీ మైక్‌లోకి వస్తుంది, దాన్ని అంచనా కట్టి తీసేయాలి. అల్గారిథమ్ ఏమీ కొత్తది కాదు, 1960లో విడ్రో, హాఫ్ ఇచ్చిన ఎల్ఎంఎస్ (లీస్ట్ మీన్ స్క్వేర్స్): ఎర్రర్ చూసుకుంటూ ఫిల్టర్ తనను తానే కొంచెం కొంచెం సరిచేసుకుంటుంది. క్లాసులో బోర్డు మీద నాలుగు లైన్లలో అయిపోతుంది, కంప్యూటర్ మీద మ్యాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క పూటలో పనిచేస్తుంది. హార్డ్‌వేర్ మీదికి ఎక్కించాకే అసలు కథ మొదలైంది.

లెక్క చూడండి. శబ్దాన్ని సెకనుకు 16,000 సార్లు కొలిస్తే, అంటే 16,000 శాంపిళ్లు తీస్తే, ఒక శాంపిల్‌కూ తర్వాతి దానికీ మధ్య ఉండే టైమ్ 62.5 మైక్రోసెకన్లు. గదిలో ప్రతిధ్వని 128 మిల్లీసెకన్లు సాగుతుందనుకుంటే ఫిల్టర్‌కు 2,048 ట్యాప్‌లు కావాలి, అంటే గుర్తుంచుకున్న 2,048 పాత శాంపిళ్లను ఒక్కోదాన్ని ఒక్కో వెయిట్‌తో గుణించాలి. ప్రతి శాంపిల్‌కూ ఫిల్టర్ చేయడానికి 2,048 గుణకారాలు, వెయిట్లు సరిచేయడానికి ఇంకో 2,048. మొత్తం సెకనుకు ఆరున్నర కోట్లు. మా దగ్గరున్నది 225 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే సీ6713 అనే డీఎస్పీ ప్రాసెసర్ బోర్డు, అంటే ఒక్కో శాంపిల్‌కు సుమారు 14,000 క్లాక్ సైకిళ్లు. కాగితం మీద హాయిగా సరిపోవాలి. హెడ్‌ఫోన్‌లో మాత్రం కరకర తప్ప ఏమీ వినిపించలేదు.

సమస్య ఎక్కడుందో పట్టిచ్చింది ఆసిలోస్కోపే. కొత్త శాంపిల్ వచ్చిందని ప్రాసెసర్‌ను పిలిచే ఇంటరప్ట్ మొదలవగానే ఒక పిన్ వోల్టేజీని పైకి లేపి, పని అయిపోగానే కిందికి దించేలా రెండు లైన్ల కోడ్ రాసి, ఆ పిన్‌కు ప్రోబ్ తగిలించాం. పిన్ కిందికి దిగడమే లేదు. ఒక శాంపిల్ పని పూర్తికాకముందే రెండోది వచ్చి నెత్తిన కూర్చుంటోంది. కోడ్‌లో ఏది మెమరీలో ఎక్కడుందో చెప్పే మ్యాప్ ఫైల్ తీసి చూస్తే, ఆ చోట్లు కేటాయించే లింకర్ ప్రోగ్రామ్ మా శాంపిళ్లు, వెయిట్లు ఉండే రెండు అర్రేలనూ చిప్ బయట ఉన్న ఎస్‌డీర్యామ్ మెమరీలో పెట్టింది. తరచూ వాడే డేటాను దగ్గర పెట్టుకునే క్యాష్ ఆన్ చేస్తే తప్ప అక్కడికి వెళ్లి రావడానికి ప్రతిసారీ బోలెడు సైకిళ్లు పోతాయి. ఆ అర్రేలు రెండూ కలిపి 16 కిలోబైట్లు, చిప్ లోపల 256 కిలోబైట్ల మెమరీ ఉంది. వాటిని లోపలికి మార్చి, కంపైలర్ ఆప్టిమైజేషన్ ఆన్ చేశాక స్కోప్ తెర మీద ఖాళీ జాగా కనిపించింది. ఆ పిన్ కిటుకు నాకు ఏ పుస్తకం కన్నా ఎక్కువ పనికొచ్చింది. ఇప్పటికీ ఏ టీమ్ వచ్చినా మొదట అదే చేయిస్తాను.

మెంటర్‌గా చూసిన టీమ్‌ల్లో ఎక్కువమంది ఫిక్స్‌డ్ పాయింట్ దగ్గర, అంటే దశాంశ స్థానం కదలకుండా పూర్ణాంకాలతో లెక్కలు చేసే దగ్గర, ఇరుక్కుంటారు. ప్లస్, మైనస్ రెండూ రాసుకునేలా వాడితే 16 బిట్లలో పట్టే పెద్ద అంకె 32,767. దాని మీద ఒకటి కలిపితే మైనస్ 32,768కి దూకుతుంది. వినేవాళ్లకు అది 'టప్' మని చెవిలో పేలినట్టు ఉంటుంది. హద్దు దాటితే ఆ పెద్ద అంకె దగ్గరే ఆపేసే శాచురేషన్ వాడితే కనీసం అలా పేలదు, కాస్త బొంగురుపోతుంది అంతే. తమ పాత అవుట్‌పుట్‌ను మళ్లీ లెక్కలోకి తీసుకునే ఐఐఆర్ ఫిల్టర్లది ఇంకో తలనొప్పి. ఎనిమిదో ఆర్డర్ ఫిల్టర్‌ను ఏకంగా ఒకే పెద్ద సమీకరణంగా (డైరెక్ట్ ఫార్మ్‌లో) రాస్తే, అందులోని గుణకాలను 16 బిట్లకు కుదించగానే పోల్స్ జరిగి యూనిట్ సర్కిల్ దాటిపోయే, అంటే ఫిల్టర్ అదుపు తప్పే, ప్రమాదం ఉంది. అదే ఫిల్టర్‌ను నాలుగు బైక్వాడ్‌లుగా (రెండో ఆర్డర్ చిన్న ఫిల్టర్లుగా) విడగొడితే బుద్ధిగా ఉంటుంది. ఇప్పుడు కార్టెక్స్ ఎం4 ప్రాసెసర్ ఉన్న చాలా బోర్డుల్లో దశాంశ లెక్కలు నేరుగా చేసే ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ వస్తోంది, వాటికోసం ఉన్న సీఎంసిస్ డీఎస్పీ కోడ్ లైబ్రరీలో ఎఫ్ఎఫ్‌టీ (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో చెప్పే లెక్క) నుంచి ఎల్ఎంఎస్ దాకా రెడీగా దొరుకుతున్నాయి. దాంతో ఈ బాధ తగ్గింది, కొత్తది మొదలైంది. ఆ యూనిట్ సింగిల్ ప్రిసిషన్ (32 బిట్ల) లెక్కలే చేస్తుంది. కోడ్‌లో 0.5 పక్కన ఎఫ్ అక్షరం పెట్టకపోతే కంపైలర్ దాన్ని డబుల్‌గా (64 బిట్ల అంకెగా) తీసుకుని, లెక్కంతా సాఫ్ట్‌వేర్‌తో లాక్కొస్తుంది. ఫిల్టర్ ఎందుకు నత్తనడక నడుస్తోందో తెలియక జుట్టు పీక్కున్న పిల్లల్ని చూశాను.

డెమో రోజు సంగతి. హాలంతా గోల. పక్క టేబుల్ మీద ఎవరో మోటార్ నడుపుతున్నారు, ఎదురుగా ఇంకొకరి పాట. ల్యాబ్‌లో నిశ్శబ్దంలో కొలిచిన డెసిబెల్స్ అక్కడ ఎవరికీ పట్టవు. జడ్జీల్లో ఒకాయన రావడం రావడమే మైక్ తీసుకుని, స్పీకర్లో మాట వస్తుండగానే తనూ గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. తెలిసినవాడి పని అది. రెండువైపులా ఒకేసారి మాట్లాడితే ఎల్ఎంఎస్ ఆయన గొంతును కూడా ఎకో అనుకుని వెయిట్లను చెడగొట్టుకుంటుంది. అలాంటప్పుడు సర్దుబాటు ఆపేసే డబుల్ టాక్ డిటెక్టర్ పెట్టుకున్నాం కాబట్టి నిలబడ్డాం. ఆయన ఇంకో రెండు నిమిషాలు నిలబడి, బోర్డు మీద ఉన్న డిప్ స్విచ్ అనే చిన్న మీటను తనే ఆన్ చేసి ఆఫ్ చేసి విన్నారు. ఫిల్టర్ ఉంటే ఎలా, లేకపోతే ఎలా అన్నది ఇలా ఒక్క స్విచ్‌తో వినిపించగలిగితే పది స్లైడ్లు అక్కర్లేదు. మిగతా జడ్జీలు హెడ్‌ఫోన్ పెట్టుకోనేలేదు.

బహుమతి ఎల్ఈడీలు పాటకు తగ్గట్టు ఎగిరే ప్రాజెక్టుకు పోయింది. కుళ్లుకుని అంటున్నది కాదు, అది నీట్‌గా చేశారు. కానీ లోపల ఉన్నది ఒక ఎఫ్ఎఫ్‌టీ, దాని పైన లైట్లు. కళ్లకు కనిపించేదానికి చెవికి వినిపించేదాని కన్నా మార్కులు తేలిగ్గా పడతాయి, ఇది నేను ఆ తర్వాత కూడా చాలాసార్లు చూశాను. అంతకన్నా చిరాకు పెట్టింది ఇంకోటి: దేనికి ఎన్ని మార్కులు వేశారో నిర్వాహకులు చెప్పలేదు. అడిగితే జవాబు లేదు. నెలల తరబడి పనిచేసినవాళ్లకు ఎక్కడ వెనకబడ్డారో ఒక్క పేజీలో రాసివ్వడానికి ఏం పోయింది?

ఎస్పీ కప్ తరహా పోటీల్లో ఈ గొడవ ఉండదు, ఎర్రర్ ఎంతో అంకెల్లో కనిపిస్తుంది. 2015లో ఇచ్చిన సమస్య నాకు బాగా ఇష్టం. ఇప్పటికీ కొత్త టీమ్‌లతో ప్రాక్టీసుకు దాన్నే చేయిస్తాను. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తేవాళ్ల మణికట్టుకు పెట్టిన ఆప్టికల్ సెన్సర్ సిగ్నల్ నుంచి గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెప్పాలి. వినడానికి ఎఫ్ఎఫ్‌టీ తీసి పీక్ వెతికితే చాలనిపిస్తుంది. కానీ చేతిలో ఉండేది 8 సెకన్ల కిటికీ (ఒకసారికి చూసే సిగ్నల్ ముక్క), అంటే ఎఫ్ఎఫ్‌టీ విడదీసి చూపగల తేడా, రిజల్యూషన్, 0.125 హెర్ట్జ్. బీట్స్‌లో చెప్పుకుంటే నిమిషానికి 7.5. సున్నాలు అతికించి ఎఫ్ఎఫ్‌టీ పొడిగిస్తే గ్రాఫ్ నునుపవుతుంది గానీ దగ్గరదగ్గరగా ఉన్న రెండు పీక్‌లు విడిపోవు. పైగా చేయి ఊగే వేగం గుండె వేగానికి దగ్గరగా వచ్చినప్పుడు పెద్ద పీక్ చేతిది అవుతుంది, గుండెది పక్కన నక్కి ఉంటుంది. అందుకే చేతి కదలికను కొలిచే యాక్సిలరోమీటర్ డేటా కూడా ఇచ్చారు. చేయి ఎక్కడ ఊగుతోందో దాంతో పట్టుకుని తీసేయాలి, పోయిన కిటికీలో గుండె ఎంతుందో గుర్తుపెట్టుకుని దాని చుట్టుపక్కలే వెతకాలి. ఆ పాత అంచనాను గట్టిగా పట్టుకుంటే అల్గారిథమ్ ఒకసారి దారి తప్పాక వెనక్కి రాదు, వదులుగా పట్టుకుంటే చేతి పీక్ మీదికి దూకుతుంది. ఈ బిగువు కుదర్చడంలోనే టీమ్‌ల మధ్య తేడా తెలుస్తుంది.

ఈ రకంలో లోటేమిటంటే టైమ్ గురించి బెంగ ఉండదు. ఫలితం ల్యాప్‌టాప్ మీద అరగంట తర్వాత వచ్చినా చాలాసార్లు ఎవరూ అడగరు. ఇచ్చిన డేటాకే అతుక్కుపోయే అల్గారిథమ్ రాసి, దాచిపెట్టిన డేటా మీద బోల్తా పడటం కూడా మామూలే. నలుగురైదుగురి రికార్డింగులను పక్కన పెట్టేసి, చివరిదాకా ముట్టుకోకుండా ఉండే ఓపిక ఉన్న టీమ్‌లే నాకు నమ్మకంగా కనిపిస్తాయి.

టీమ్‌లో నలుగురూ అల్గారిథమ్ వాళ్లే అయితే పని జరగదు. డేటాషీట్ ఓపిగ్గా చదివేవాళ్లు ఒకరు, రిపోర్టు రాసేవాళ్లు ఒకరు తప్పనిసరి. రిపోర్టు చివరి వారానికి వదిలేస్తే గ్రాఫ్‌లకు యాక్సిస్ పేర్లు కూడా ఉండవు. రూల్స్‌లో కోడ్ ఎవరి సొంతమవుతుందో రాసిన పేరా పూర్తిగా చదవండి. కొన్ని పోటీల్లో అది ఒప్పుకోదగినట్టు ఉండదు, ఆ ఒక్క కారణంతో ఒక టీమ్‌ను నేనే వద్దన్నాను.

బోర్డు రకంలో చేరే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. మైక్‌లో వచ్చిన శబ్దాన్ని ఏమీ మార్చకుండా హెడ్‌ఫోన్‌కు పంపే ప్రోగ్రామ్ రాయండి. ప్రాసెసర్‌ను కదపకుండా డేటాను మోసే డీఎంఏ, శాంపిళ్లు దాచుకునే రెండు బఫర్లు, శబ్దాన్ని అంకెలుగా, అంకెలను శబ్దంగా మార్చే కోడెక్ చిప్ సెట్టింగులు, అంతే. అది వారంలో ఖణేల్‌మని వినిపిస్తే పేరిచ్చేయండి. వినిపించకపోతే ఈ ఏడాదికి డేటా పోటీ చూసుకుని, బోర్డు పని పక్కన నేర్చుకుంటూ ఉండండి.