మిద్దె మీద తోలుబొమ్మలాట: పద్నాలుగు వేలకు ఏమొచ్చింది?

అనంతపురంలో మా అక్కోళ్ల కొత్తింటికి ఆర్కెస్ట్రా వద్దని తోలుబొమ్మలాట మేళాన్ని పిలిపించింది నేనే. రెండు గంటల ఆటకు పద్నాలుగు వేలు, రానూపోనూ బండి మనదే. నిమ్మలకుంట ఊర్లో తోలుతో చేసే బొమ్మల ల్యాంపులు హాల్లో వేలాడదీసుకునే బంధువులే ‘ఈ కాలంలో ఆటేంటికి రా’ అని నవ్వినారు.

నేను కథలు రాస్తాను. పోయినేడు నా కథలోని ముసలామె, ఆమె బావి, ఆఖరికి ఆమె తిట్టే తిట్టుతో సహా ఒక షార్ట్ ఫిల్ములో కనిపించినాయి. నా పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆ మంట మీదే మేళం పెద్దాయనకు ఫోన్లో చెప్పినా: “ఎప్పుడూ ఆడే రామాయణం వద్దు, మీ సొంత కథ ఆడండి.”

“సొంతానికి మాకేముంది సామీ? లంకాదహనం నుంచి సేతువు దాకా ఆడతాం. చూసినాక మాట్లాడు” అన్నాడు.

ఎనిమిదికి అన్న ఆట తొమ్మిదింపావుకు మొదలైంది. మైకు గంటసేపు కీచుమంది. వినాయకుడి బొమ్మ ఆడినాక పెద్దాయన వాళ్ల తాత పేరు, నాయన పేరు చెప్పి మొక్కినాడు. ఆ షార్ట్ ఫిల్ము వాళ్లు చేయనిది ఇదే!

లంకిణి ఒక సినిమా పాట ట్యూనుకు ఆడింది. ఉన్నదున్నట్టు ఎత్తుకొచ్చి పెట్టినారు, దానికి వీళ్లు కలిపింది ఏమీ లేదు. పిల్లోళ్లు సరిగ్గా అప్పుడే లేచి నీళ్లకు పోయినారు. ఆ పది నిమిషాలకు మార్కులు కోస్తున్నా.

ఇంక ఉడుత. తెర మీద నిలువెత్తు హనుమంతుడి పక్కన జానెడు బొమ్మ. ఇసుకలో పొర్లుతాది, రాళ్ల సందున దులుపుకుంటాది, మళ్లీ పోతాది. వాల్మీకిలో లేని ఈ ఉడుత 13వ శతాబ్దపు రంగనాథ రామాయణంలో ఉంది. ఈ మేళాలు పాడేది ఎక్కువగా దాంట్లోని ద్విపదే, అంటే రెండేసి పాదాల పద్యాలే. అంటే అరువు మీద అరువు. అంతలో తోలుబొమ్మలాటలో నవ్వించే జంట జుట్టు పోలిగాడు, బంగారక్క దూకినారు. వాళ్లు ఏ రామాయణంలోనూ లేరు.

“ఒసే బంగారక్కా, ఇది ఇసుక తోలుతాండాది. పర్మిట్ ఉండాదా దీనికి?”

మిద్దె కదిలిపోయేట్టు నవ్వినారు. మూడు నెలలు ఇసుక కోసం తిరిగిన మా బావకైతే కళ్లెంబడి నీళ్లు. సాయంత్రం టీ తాగుతా పెద్దాయన ‘ఇసుక యాడ దొరికింది, మేస్త్రీ ఎన్నిసార్లు ఎగ్గొట్టినాడు’ అని బావను అడిగింది ఊసుపోక కాదని అప్పుడు తెలిసింది.

ఆట అయినాక బొమ్మలు సర్దుతుంటే నా షార్ట్ ఫిల్ము గోడు చెప్పుకున్నా. అంతా విని, “ఆ తిట్టు నీకు యాడిది సామీ?” అన్నాడు.

“మా అవ్వది.”

“కథలో ఆయమ్మ పేరు ఏసినావా?”

నేనేం మాట్లాడలే. బొమ్మల పెట్టెకు ఒక పక్క చెయ్యేసి బండి దాకా మోసినా.

పిలుచుకోవాలనుకునేవాళ్లకు రెండు మాటలు. మిద్దె మీద గాలికి తెర నిలవదు, ఇనప పైపులు కట్టించండి. మైకు మీరే తెప్పించుకోండి. టీ మాత్రం ఆటకు చాలా ముందే ఇచ్చి, ఇంట్లో బాగా వాగే మనిషిని పెద్దాయన పక్కన కూర్చోబెట్టండి.