మొగల్రాజపురం బేకరీలో బాన్ మీ

కేరళ నుంచి వచ్చి విజయవాడలో స్థిరపడ్డ కుటుంబం నడిపే చిన్న బేకరీ. ఓవెన్ దగ్గర తండ్రి, కౌంటర్లో తల్లి. వియత్నాంలో పనిచేసొచ్చిన వాళ్లబ్బాయి ఈ బాన్ మీ మొదలుపెట్టాడు. రొట్టె మధ్యలో మాంసం, ఊరబెట్టిన కూరగాయలు పెట్టే వియత్నాం శాండ్‌విచ్ ఇది. ఫ్రెంచివాళ్లు తెచ్చిన రొట్టెను వియత్నాం వాళ్లు తమ రుచికి మార్చుకున్నారు. 1975 తర్వాత శరణార్థులతో అది అమెరికా, ఆస్ట్రేలియా దాకా వెళ్లింది.

ఇక్కడ రొట్టె పైన పెళుసు, కొరికితే పొరలు ఒళ్లో రాలతాయి, లోపల దూది. వెనిగర్, పంచదారలో ఊరిన క్యారెట్, ముల్లంగి కరకరలాడుతూ పుల్లతీపిగా ఉన్నాయి. కొత్తిమీర కాడలతో సహా వేస్తారు, నాకు అదే ప్రాణం. పచ్చిమిర్చి ఎంత వేయమంటారని ఆవిడ అడిగి మరీ వేస్తారు. చికెన్‌లో మాత్రం ఉప్పు ఎక్కువైంది, మయొనైజ్ కూడా తగ్గించాలి. సాయంత్రం ఐదింటికే వెళ్లండి, చీకటిపడితే రొట్టె దొరకదు.