టోక్యోలో పప్పన్నం తినాలంటే

ప్రాజెక్టు పని మీద టోక్యో వెళ్లేవాళ్లు ముందుగా అడిగేది, అక్కడ ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయా అని. బోలెడన్ని ఉన్నాయి. కానీ వాటిలో చాలా వరకు నేపాలీలు నడిపేవే. పళ్లెం దాటి బయటికొచ్చేంత నాన్, కాస్త తియ్యగా ఉండే బటర్ చికెన్ పెడతారు. రుచిగానే ఉంటాయి గానీ, పప్పూ పెరుగూ లేనిదే భోంచేసినట్టు అనిపించని వాళ్లకు అవి ఆనవు. అందుకే రెస్టారెంట్ల సంగతి తర్వాత, ముందు పొయ్యి ఉన్న గది చూసుకోండి అంటాను.

ఆఫీసువాళ్లు మొదట ఇచ్చిన బిజినెస్ హోటల్ చాలా శుభ్రంగా ఉండేది. కానీ గదిలో కెటిల్, చిన్న ఫ్రిజ్ తప్ప ఇంకేమీ లేవు. కింద 24 గంటలూ తెరిచి ఉండే కన్వీనియెన్స్ స్టోర్ ఉన్నా శాకాహారులకు కష్టమే. పైకి కూరగాయలే కనిపించే సూపుల్లో కూడా ఎండు చేపతో కాచిన దాషి ఉంటుంది. ఆ రోజుల్లో నా ప్రాణానికి హాయినిచ్చింది ఉమెబోషి పెట్టిన ఒనిగిరి. అన్నం ముద్ద మధ్యలో ఉప్పులో ఊరబెట్టిన పుల్లటి పండు. చప్పిడి తిండి తిని తిని ఉన్న నోటికి ఆ పులుపు తగిలితే ఎంత బాగుందో!

తర్వాత టోక్యోలోనే నిషి-కసాయ్ అనే పేటలో నెలవారీ అద్దె గదికి మారాను. 2000 ప్రాంతంలో వైటుకే పనులకు, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పు చదవకుండా సరిచేసే పనులకు వచ్చిన మన ఐటీవాళ్లు, ఆఫీసులకు తోజాయ్ మెట్రో లైన్‌లో నేరుగా వెళ్లొచ్చని ఇక్కడ స్థిరపడ్డారు. పొద్దున పూట ఆ రైల్లో ఊపిరాడదు, అది నిజం. కానీ సాయంత్రం దిగగానే దగ్గర్లోని కొట్లో కందిపప్పు, చింతపండు, ఇంగువ, ఫ్రోజెన్ మునక్కాడలు దొరుకుతాయి. ఆ ఒక్కదాని కోసం రైలు తిప్పలు పడొచ్చు. కుటుంబంతో వచ్చేవాళ్లు యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ అద్దెకిచ్చే అపార్ట్‌మెంట్లు చూడండి. కీ మనీ (ఇంటి ఓనరుకిచ్చే, తిరిగిరాని డబ్బు), బ్రోకర్ కమిషన్ ఉండవు, హామీదారు కూడా అక్కర్లేదు.

వంట గురించి రెండు మాటలు. చాలా గదుల్లో ఇండక్షన్ పొయ్యే ఉంటుంది కాబట్టి మామూలు అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు, ఇండక్షన్ అడుగున్నదే తీసుకెళ్లాలి. అక్కడ కరెంటు 100 వోల్టులు, కాబట్టి మన మిక్సీ ఇంట్లోనే వదిలేయండి. జపాన్ బియ్యం మెతుకులు ఒకదానికొకటి అంటుకుంటాయి. పులిహోరకు అస్సలు పనికిరావు. పెరుగన్నానికి మాత్రం వాటిని మించినవి లేవు! వేడన్నం గరిటెతో మెదిపి, మెయిజీ బల్గేరియా ప్లెయిన్ పెరుగు కలిపి, ఆవాలు, ఎండుమిర్చి తాలింపు వేస్తే ఇంట్లో తిన్నట్టే ఉంటుంది.

వండుకునే ఓపిక లేని రోజున ఒకాచిమాచి వెళ్లేవాణ్ణి. స్టేషన్ దగ్గర సెల్లార్‌లో ఆంధ్రా కిచెన్ ఉంది. మీల్స్ బాగుంటాయి, రసం మరీ నచ్చింది. పక్క టేబుల్ దగ్గర టై కట్టుకున్న జపాన్ ఉద్యోగి ఒకాయన అప్పడాన్ని నలిపి అన్నం మీద చల్లుకుని, సాంబారు పోసుకుని, ఎంతో శ్రద్ధగా కలుపుకుంటున్నాడు. చూస్తుంటే నాకు కడుపు నిండిపోయింది. తిన్నాక అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే అమెయోకో బజారు. అక్కడి సెంటర్ బిల్డింగ్ సెల్లార్‌లో పచ్చిమిర్చి, కొత్తిమీర, మసాలాలు కొనుక్కోవచ్చు.

అంత దూరం పోలేకపోతే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టండి. తక్క్యూబిన్ అనే పార్శిల్ సర్వీసు వాళ్లు మనం ఎంచుకున్న రెండు గంటల వ్యవధిలోనే తెచ్చిస్తారు. ఫ్రోజెన్ సరుకు కూడా కరగకుండా వస్తుంది. ఈ సర్వీసుకి ఎన్ని మార్కులైనా వేస్తాను, పైగా టిప్పు ఇచ్చే అలవాటు అక్కడ లేదు.

ఇండియా నుంచి బయల్దేరేటప్పుడు చికెన్, మటన్ పచ్చళ్లు పెట్టెలో పెట్టకండి. తనిఖీ సర్టిఫికెట్ లేని మాంసాన్ని జపాన్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకుదీ అదే సంగతి. అది అక్కడి కొట్లలో ఫ్రోజెన్‌ది దొరుకుతుంది, తాలింపుకి సరిపోతుంది.