రూము కన్నా ముందు రేవు చూడండి: తంపర, రంభ, సాతపడ

మా అత్తయ్య రేవులోనే ఆగిపోయింది. పడవ అంచున ఆరేసిన లైఫ్ జాకెట్టు తీసి బిళ్ళ నొక్కి చూస్తే అది చేతికి ఊడివచ్చింది. "ఇది నన్ను మోస్తుందా, నేనే దీన్ని మోయాలా?" అంది. మేం పదకొండు మందిమి, జాకెట్లు ఎనిమిది. పడవ కుర్రాడు తెలుగూ ఒడియా కలిపి "ఏం కాదు మావుసీ, నీళ్ళు నడుం లోతే" అని నవ్వాడు. ఒడిశా తీరంలోని చిలికా ఉప్పునీటి సరస్సులో చాలా చోట్ల లోతు తక్కువన్నది నిజమే. కానీ అడుగున బురద, పైన నాచు ఉన్నచోట నడుం లోతు కూడా తక్కువేం కాదు. వెనక్కి తిరిగాం. ఆ రేవు పేరు చెప్పను, అలాంటివి అక్కడ ఇంకా ఉన్నాయి.

మాది బరంపురం. సంక్రాంతి వెళ్ళిన వారానికి విజయనగరం నుంచి అత్తయ్య, బావ వాళ్ళు వస్తే మూడు రోజులు నీళ్ళ వెంటే తిరిగాం. ఇదివరకు ఎవరైనా యాత్ర చేసొస్తే "రూము ఎలా ఉంది, ఏసీ పనిచేసిందా" అనే అడిగేవాణ్ణి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగినప్పుడు బావ రాజమండ్రిలో ఉద్యోగం చేసేవాడు. అప్పట్నుంచి ఏ పడవ దగ్గరికి వెళ్ళినా అతని మొదటి ప్రశ్న "సర్వే కాగితం ఉందా?" పడవని తనిఖీ చేసినట్టు ఇచ్చే పత్రమది. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త దేశీయ నౌకల చట్టం వచ్చిందనీ, ఇంజను పడవకి రిజిస్ట్రేషనూ తనిఖీ ఉండాలనీ దారంతా పాఠం చెప్పాడు. మొదట విసుగొచ్చింది. రెండో రోజుకి నేనూ అదే అడుగుతున్నాను.

తంపర గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బరంపురం నుంచి అరగంట, ఛత్రపురం పక్కనే మంచినీటి సరస్సు, 2021లో రామ్‌సర్ జాబితాలో (ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా) చేరింది. పిల్లలుంటే అక్కడికే వెళ్ళండి. టికెట్టు కౌంటరుంది, పిల్లల కొలతలకీ జాకెట్లు దొరికాయి. స్పీడ్ బోట్ల మోత మాత్రం పదింటికి మొదలైతే ఆగదు. కొంగల్ని చూడాలనుకుంటే తెల్లారే వెళ్ళాలి.

అసలు సంగతి రంభ. హైవే పక్కనే, రైలు స్టేషనుంది, గంజాం జిల్లా వైపు నుంచి చిలికాకి వాకిలి అదే. మొదటి రాత్రి ఊళ్ళో లాడ్జిలో దిగాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు బకెట్టుతో తెచ్చిచ్చారు, సరస్సు మాత్రం కనపడదు. రెండో రాత్రి టూరిజం వాళ్ళ పాంథనివాస్‌లో ఉన్నాం. గదులు పాతబడ్డాయి. అయితేనేం, పొద్దున్నే లేచి చెప్పులేసుకుని నడిస్తే రేవు. పీతల కూర గురించి బావ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

మాకు దొరికిన పడవాయన గోపాలపూర్ నోలియా, అంటే సముద్రంలో వేటకెళ్ళే జాలరి. ఇంట్లో తెలుగే. ఎక్కేముందు మా పేర్లు పుస్తకంలో రాయించాడు, తలకో జాకెట్టు తనే కట్టాడు, "గాలి లెగిసేలోగా తిరిగొచ్చేయాల బాబూ" అని ముందే చెప్పేశాడు. అత్తయ్య ఆయన మాటకి ఎదురు చెప్పలేదు. బ్రేక్‌ఫాస్ట్ దీవి, పక్షుల దీవి చూపించి, నీళ్ళ మధ్య రాతి మీద నిలబడ్డ స్తంభం దగ్గర ఇంజను ఆపాడు. కంపెనీ కాలంలో గంజాం కలెక్టరు స్నాడ్‌గ్రాస్ దీపం పెట్టాలని కట్టించిందది. అప్పట్లో ఇది విహారం కాదు, దారి. ఇప్పటికీ దీవుల వాళ్ళకి దారే.

ఆ దారికి అడ్డం ఎక్కడంటే వెదురు కర్రల దగ్గర. కొన్ని కర్రలు దారి గుర్తుకి పాతినవి, ఎక్కువ మాత్రం వలకట్లవి. పడవాయన తేడా కనిపెట్టగలడు, కొత్తవాడికి అంతా ఒకటే అడవి. రొయ్యల కోసం కట్టే ఆవరణల్ని అక్కడ ఘేరీలంటారు. చిలికా, మన పులికాట్ సరస్సుల నుంచి వెయ్యి మీటర్ల లోపల రొయ్యల సాగు కూడదని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అధికారులు పీకేస్తారు, మళ్ళీ పాతుతారు. "పీకే రోజు పడవలకి పండగే బాబూ" అన్నాడాయన.

అలాగని అధికారుల్ని తిట్టి వదిలేయలేం. 1991లో చిలికా అభివృద్ధి సంస్థ పెట్టారు. సముద్రంలో కలిసే నోరు పూడి, ఉప్పదనం తగ్గి, నాచు కమ్ముకుని సరస్సు 1993లో రామ్‌సర్ వాళ్ళ ప్రమాదపు జాబితాకెక్కింది. 2000 సెప్టెంబరులో పూరీ జిల్లా సాతపడ వైపు కొత్త నోరు తవ్వారు. సముద్రానికి దారి 18 కిలోమీటర్లు తగ్గింది, చేపలు తిరిగొచ్చాయి, 2002లో సరస్సు ఆ జాబితాలోంచి బయటపడింది. మా పడవ నాచులో ఇరుక్కోకుండా తిరిగిందంటే అందులో ఆ తవ్వకం పుణ్యం కొంత ఉంది.

రంభకి డాల్ఫిన్ల కోసం రావద్దు. అవి ఎక్కువగా సాతపడ వైపే. మూడో రోజు పాలూరు, కృష్ణప్రసాద్ ఊళ్ళ మీదుగా జాన్హికుడ వెళ్ళి, కారుతో సహా పంటు ఎక్కి సాతపడలో దిగాం. పంటంటే మన కోనసీమ పంటులాంటిదే. బైకులు, కూరగాయల బుట్టలు, పెళ్ళివారు, అంతా ఒక బల్లకట్టు మీద. మూడు రోజుల్లో నాకు బాగా నచ్చిన పడవ ప్రయాణం అదే, డబ్బులూ తక్కువ.

సాతపడలో రేట్లు బోర్డు మీదే ఉన్నాయి, బేరం గొడవ లేదు. ముక్కు లేని, గుండ్రటి తల ఇరావడి డాల్ఫిను ఒకటి లేచింది, అంతే, ఐదారు పడవలు ఇంజన్లు పెంచి దాని మీదికి పోయాయి. మా పడవతన్ని ఆపమన్నాం. "ఆపితే మీకే కనపడదు" అన్నాడు. ఆపాక పావుగంటకి రెండు మా పక్కనే లేచాయి. పక్షులకైనా అంతే, నలబణ దీవి అభయారణ్యం, దిగడానికి ఎవరైనా ఆశపెడితే ఒప్పుకోకండి.

ఇన్ని రేవుల్లో ఇన్ని ప్రశ్నలడిగిన మేము ఒక్కటి మరిచాం: తిరుగు పంటు ఆఖరిది ఎన్నింటికని. సాతపడ రేవుకి వచ్చేసరికి గొలుసు వేసేశారు. పూరీ, ఖుర్దా చుట్టు తిరిగి బరంపురం చేరేసరికి అర్ధరాత్రి దాటింది. బావ దారంతా ఒక్క పాఠమూ చెప్పలేదు.