నాలుగు బటన్ల కోరస్ ర్యాక్: వెడల్పు పోయినా గొంతు పోలేదు

మిక్స్‌లో వెడల్పు కోసం, అంటే పాట ఎడమా కుడీ పరుచుకుని వినపడటం కోసం, రకరకాల పద్ధతులు చూశాను. అన్నీ వచ్చి పోయాయి, చాలా కాలంగా ర్యాక్‌లోంచి కదలనిది మాత్రం ఇదొక్కటే. రోలాండ్ వాళ్లు 1979లో తెచ్చిన డైమెన్షన్ డి అనే కోరస్ ఎఫెక్ట్ (ఒకే శబ్దాన్ని కొన్ని కలిసి మోగినట్టు నిండుగా చేసేది) డిజైన్‌ని పట్టుకుని ఇప్పటి కంపెనీ ఒకటి చేసిన అనలాగ్ యూనిట్. స్పెసిఫికేషన్లు ఎక్కడైనా దొరుకుతాయి, మళ్లీ రాయను. రాయాలనిపించిన కారణం ఒక్కటే: ఇది ఇచ్చే స్టీరియో, రెండు వైపులూ ఒకటిగా కలిపేసే మోనోలో పాటని పాడు చెయ్యదు.

మన దగ్గర ఇది చాలా పెద్ద విషయం. నేను చేసేవి ఎక్కువగా జానపదాలు, భక్తి పాటలు. వాటిని హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినేవాళ్లకంటే పందిళ్లలో, ఆటోల్లో, ఫోన్ స్పీకర్లో వినేవాళ్లే ఎక్కువ. పందిరి దగ్గర మైక్‌సెట్ అబ్బాయి ఫోన్‌లోంచి ఒక వైరు లాగి మిక్సర్‌లో ఒకే చానల్‌కి పెట్టేస్తాడు. అంతే, రెండు వైపులూ కలిసిపోతాయి. ఒక్కోసారి ఎడమ వైపు ఒక్కటే వస్తుంది. అతన్ని తప్పుపట్టడానికి లేదు, ఆ హారన్లన్నీ ఊరంతా వినపడటానికి కట్టినవి, వాటికి ఎడమా కుడీ ఎందుకు?

ఇంతకుముందు అందరూ చేసే పద్ధతే నాదీ. కోరస్ పాడే ఆడవాళ్ల ట్రాక్‌ని ఇంకోటి కాపీ చేసి, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి జరిపి, కుడి దాన్ని పది పదిహేను మిల్లీసెకన్లు ఆలస్యం చెయ్యడం. హెడ్‌ఫోన్లో బ్రహ్మాండంగా ఉంటుంది. రెండూ కలిపితే మాత్రం కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని గొంతులు బోలుగా అయిపోతాయి. ఈ యూనిట్ వచ్చాక ఒక బోనాల పాటలో కోరస్ గొంతుల్నీ, వెనక పరుచుకుని సాగే కీబోర్డు ప్యాడ్ స్వరాల్నీ దీంట్లోంచి పంపి మిక్స్ పూర్తి చేశాను. ఆషాఢంలో సికింద్రాబాద్ వైపు ఒక గల్లీలో అదే పాట హారన్లలో వినపడింది. వెడల్పు లేదు, అది ఎలాగూ ఉండదని తెలుసు. కానీ కోరస్ పలికే ప్రతి మాటా నిలబడి ఉంది, డప్పు వెనక్కి కూడా పోలేదు. స్టూడియోలో మోనో బటన్ నొక్కి చూసుకున్నదే, అయినా అక్కడ, ఆ గోలలో, అలా వినపడటం చూసి చాలాసేపు అక్కడే నిలబడి విన్నాను.

ఇదెలా జరుగుతుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే మామూలు కోరస్ పెడల్‌కీ దీనికీ తేడా అంతా ఇక్కడే ఉంది. లోపల సిగ్నల్‌ని ఆలస్యం చేసే రెండు బకెట్ బ్రిగేడ్ లైన్లు ఉంటాయి. ఊళ్లో మంటలంటుకుంటే బిందెలు చేతులు మార్చుకుంటూ అందించినట్టు, చిన్న చిన్న కెపాసిటర్లు సిగ్నల్‌ని ఒకదాని నుంచి ఒకదానికి అందిస్తాయి, ఆ అందించే వేగాన్ని నెమ్మదిగా అటూ ఇటూ మార్చితే శ్రుతి రవ్వంత పైకీ కిందకీ పోతుంది. ఇందులో ఒక లైన్ పైకి పోతుంటే రెండోది కిందకి పోతుంది, అందుకే ఊగుతున్నట్టు పెద్దగా తెలియదు, కేవలం విశాలంగా అనిపిస్తుంది. పైగా ఒక వైపు ఎఫెక్ట్‌ని కింది ఫ్రీక్వెన్సీలు తగ్గించి, ఫేజ్ తిప్పి (అలని తలకిందులు చేసి) రెండో వైపు కూడా కలుపుతుంది. మోనో చేసినప్పుడు ఆ ఎఫెక్ట్ భాగం చాలావరకు రద్దయి అసలు గొంతు మిగులుతుంది. నాబ్ ఒక్కటీ లేదు, నాలుగు బటన్లు, ఒక ఆఫ్. మళ్లీ అదే సెట్టింగ్ కావాలంటే పాట పేరు పక్కన ఒక అంకె రాసుకుంటే చాలు. రెండు బటన్లు కలిపి నొక్కితే ఇంకో రకం వస్తుంది, ఒకటీ మూడూ కలిపి కీబోర్డు స్ట్రింగ్స్ మీద వేసి చూడండి, వదలబుద్ధి కాదు.

ఎడమ వైపు ఒక్కటే తీసుకునే మైక్‌సెట్ల దగ్గర మాత్రం కథ కొంచెం వేరు. రద్దు చెయ్యడానికి రెండో వైపు ఉండదు కాబట్టి ఊపు బయటికి వినపడుతుంది, ముఖ్యంగా నాలుగో బటన్ మీద. అందుకని గొంతుల మీద రెండు దాటి వెళ్లడం మానేశాను. సన్నటి శ్శ్ కూడా ఉంటుంది. నిండుగా వాయిద్యాలున్న పాటలో తెలియదు, ఒక్క తంబూరా మీద సాగే సాకీలో తెలుస్తుంది. లెవెల్ తక్కువ పంపితే శ్శ్ ఎక్కువ, మరీ ఎక్కువ పంపితే గరగర, మధ్యలో పట్టుకోవాలి. రికార్డు చేసుకున్నాక ఖాళీ చోట్ల చేత్తో కోసేస్తాను.

గమకాలున్న వాటి మీద అసలు వెయ్యను. వయొలిన్‌లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే చోట వినేవాడి చెవి ఆ ఒక్క గీతనే పట్టుకుని ఉంటుంది, దాని పక్కన ఇంకో రెండు నీడలు పడితే ఆ జారుడులో ఉన్న అందం మసకబారుతుంది. వీణ మీద మీటు పదును తగ్గింది. ప్యాడ్లు, కోరస్ గొంతులు, గిటార్ ఆర్పెజియోలు (తీగలు ఒక్కొక్కటిగా మీటేవి), నా దగ్గర దీని పని ఇంతవరకే.

ఇంకోటి, దీన్ని రివర్బ్‌లాగా సెండ్‌లో, అంటే అసలు ట్రాక్ అలాగే ఉండగా పక్కన కాపీ పంపే దారిలో, పెట్టకండి. అసలు సిగ్నల్ కూడా దీంట్లోంచే బయటికొస్తుంది, కంప్యూటర్‌కి శబ్దం చేరవేసే ఇంటర్‌ఫేస్ ఆలస్యం వల్ల అది ట్రాక్‌లో ఉన్నదానితో కొట్టుకుంటుంది. ఇన్సర్ట్‌లో, అంటే ట్రాక్ మొత్తం దీంట్లోంచే పోయేలా పెట్టి, ఆలస్యం సరిచేసుకుని, స్టీరియో ట్రాక్‌గా రికార్డు చేసుకోవడమే మంచిది. జపాన్ నుంచి పాత రోలాండ్ తెప్పించుకునేవాళ్లు వోల్టేజ్ చూసుకోండి, అక్కడ కరెంటు 100 వోల్టులు, మన 230కి నేరుగా పెట్టకూడదు.

కొనాలా అంటే, పాట బయట మోనోలో మోగుతుందని తెలిసి మిక్స్ చేసేవాళ్లకి నేను కొనమనే చెప్తాను. ఒక గొంతు, ఒక గిటార్ రికార్డు చేసేవాళ్లకి ఇదే డిజైన్‌తో కంప్యూటర్లో నడిచే ఆర్టురియా వాళ్ల ప్లగిన్ ఉంది, ముందు దాంతో కొన్నాళ్లు పని చేసి చూడండి. నాకు పాటలు నెలనెలా ఉంటాయి, ర్యాక్‌లో చోటుంది, రియల్ టైమ్‌లో రికార్డు చేసుకునే ఓపికా ఉంది, కాబట్టి నేనైతే అమ్మను.